ఎలుకల గది గుమ్మంలో అంజమ్మ

ఎలుకల కోసం ఆవిరి పట్టిన మేత వాసన వస్తోంది. పెసరపప్పు వేయిస్తూ కాస్త మాడ్చినట్టుంటుంది. సికింద్రాబాదులోని మా పరిశోధనశాల వెనక మెట్టు మీద కూర్చుని ఆ వాసన పీలుస్తుంటే అంజమ్మ గుర్తొచ్చి గుండె నిండిపోయింది. ఈ రోజు నేను లోపలికి వెళ్లకూడదు. ఎందుకో చివర చెబుతాను.

అంజమ్మ మా ఎలుకల గదిని చూసుకునేది. చిలకలగూడ నుంచి పొద్దున్నే వచ్చి, ఇక్కడ మళ్లీ స్నానం చేసి, క్రిములు చచ్చేలా ఆవిరి పట్టిన బట్టలు వేసుకుంటే గానీ గుమ్మం దాటేది కాదు. ఆ ఎలుకలు అలాంటివి మరి! పుట్టుకతోనే వాటికి రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు. కాన్పయ్యాక తల్లులు ఇష్టపడి ఇచ్చిన బొడ్డుతాడు రక్తంలోంచి మూలకణాలు తీసి వాటికి ఎక్కిస్తాం. పన్నెండు వారాలకు వాటి నెత్తుట్లో మనిషి రక్షణ కణాలు తిరగడం మొదలైతే, మనకు ఇవ్వబోయే మందుల్ని ముందు వాటిమీద పరీక్షించవచ్చు. ఈలోగా బయటి ఎలుక నుంచి ఒక్క క్రిమి వచ్చినా చాలు, గదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఇంట్లో ఎలుకను చూసినవాళ్లు ఐదు రోజులు లోపలికి రాకూడదు. అంజమ్మ రోజూ గుమ్మంలో నిలబడి అందరినీ ఒకే ప్రశ్న అడిగేది: "ఇంట్ల ఎలుక గిట్ల కనవడ్డదా?"

నా మొదటి ప్రయోగానికి పన్నెండో వారం వచ్చింది. అది పాడైతే నా పీహెచ్‌డీ ఏడాది వెనక్కి పోతుంది. సరిగ్గా ఆ పొద్దునే అల్వాల్‌లో మా వంటింటి బోనులో ఎలుక పడింది. నేనే తీసుకెళ్లి వదిలొచ్చాను. అంజమ్మ అడిగితే తడుముకోకుండా "లేదు" అనేశాను. గౌను కూడా తొడుక్కున్నాను. అంజమ్మ వెనక నుంచి ముడి వేస్తూ, "నీ పిల్లలు మంచిగున్నయి బిడ్డా, నీకోసమే సూస్తున్నయి" అంది. ఆ మాట విన్నాక నిజం కక్కేశాను.

తిడుతుందనుకున్నాను. గౌను ముడి విప్పేసింది.

"ఇంటికి వో. ఐదు దినాలైనంక రా."

"ఈ రోజు పన్నెండో వారం, అంజమ్మా!"

"గా సంగతి వాటికి ఎర్కనా?"

ఒళ్లు మండిపోయింది. ఆ ఐదు రోజులూ ఇంట్లో కనిపించిన వాళ్లందరి మీదా ఎగిరాను.

ఆరో రోజు వెళ్లేసరికి గుమ్మంలో ఆవిడ లేదు. మామూలు చీరలో ఈ మెట్టు మీదే కూర్చుని ఉంది. పొద్దున తన ఇంట్లో ఎలుక పరుగెత్తిందట. సెలవు చీటీ ఇవ్వడానికొచ్చి, మా ఫలితం తెలిసేదాకా కదలనని కూర్చుందట. పన్నెండు వారాలు వాటిని సాకింది ఆవిడే కదా!

"ఎవరూ చూడలేదుగా అంజమ్మా, చెప్పకపోతే ఏం?" అన్నాను.

"నేను సూసిన గద బిడ్డా."

మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి, "మనిషి కణాలు వచ్చాయి అంజమ్మా!" అని వాటేసుకోబోయాను. గభాలున వెనక్కి జరిగింది. "జర దూరముండు! రేపు మల్ల నువ్వు లోపలికి వోవాలె." కొంగుతో కళ్లు మాత్రం ఒత్తుకుంది.

ఆవిడ పని మానేశాక గుమ్మంలో ఆ ప్రశ్న అడిగేది నేనే. లోపల నా కొత్త ఎలుకలకు ఈ రోజు పన్నెండో వారం. పొద్దున మా వంటింట్లో గ్యాస్ బండ వెనక ఒక తోక కనిపించి మాయమైంది. ఇంకెవరూ చూడలేదు. సెలవు చీటీ ఇచ్చేసి, ఈ మెట్టు మీద నుంచే అంజమ్మకు ఫోన్ చేశాను.

"ఈ రోజు నాకు లోపలికి ప్రవేశం లేదు అంజమ్మా."

"అయ్యో, ఎవరాపిన్రు బిడ్డా నిన్ను?"

"నేనే."

అవతల నవ్వింది. "మంచిగ జేసినవ్. ఇగ ఇంటికి వోయి, కడుపుకింత తిను."