అమ్మవారి పటం కింద సంచి

దమయంతి మొగుడు సోంపేట దగ్గర కరెంటు స్తంభం మీదే పోయాడు. అతని లైనుమేన్ ఉద్యోగానికి బదులుగా సర్కారు కరెంటు కంపెనీ ఆమెకి పలాస స్టోరులో కుర్చీ వేసింది. పద్దెనిమిదేళ్ళుగా లైనుమెన్లు ఒంటి మీద వేసుకునే ప్రతి వస్తువూ ఆమె చేతి మీదుగానే వెళుతోంది. ఆమె అక్క మొగుడు కూర్మారావు కూడా లైనుమేనే. వజ్రపుకొత్తూరు వైపు లైన్లన్నీ అతనివే.

రబ్బరు గ్లౌజుని ఎలా చూడాలో ఆమెకి నేర్పింది ఆ బావే. గ్లౌజు మూతి దగ్గర నుంచి చుట్టుకుంటూ పోయి లోపల గాలి బిగించాలి. ఉబ్బిన వేళ్ళని చెంపకి ఆనించాలి. సన్నగా గాలి తగిలిందా, ఇక అది పనికిరాదు. కంటికి ఆనని చిల్లు కూడా చెంపకి తెలిసిపోతుంది. దమయంతి చెంప పెట్టి చూసిన సరుకుని లైనుమెన్లు మళ్ళీ చూసుకునేవాళ్ళు కాదు.

ఒకప్పుడు కంపెనీ ఏది కొనాలన్నా ముందు నాలుగు నమూనాలు పలాసకి వచ్చేవి. లైనుమెన్లు నెల రోజులు ఉప్పుగాలిలో వాడి, సరేనంటేనే ఆర్డరు వెళ్ళేది. ఇప్పుడన్నీ పెద్దాఫీసులో, కంప్యూటర్ మీద వేలం. సంతలో గేదెకి పాట పెరుగుతుంది, ఈ వేలంలో పాట తరుగుతుంది. అందరికంటే కిందికి దిగినవాడిదే సరుకు. కొనేవాడు స్తంభం ఎక్కడు, ఎక్కేవాడిని కొనేవాడు అడగడు. చవగ్గా కొన్నందుకు పెద్దాఫీసుకి మెచ్చుకోళ్ళు వచ్చాయి. చవక ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయి ఉద్దానం ఊళ్ళకి చీకట్లు వచ్చాయి. చవక బేరం చేటు అని మన ముసలమ్మలకి తెలిసినపాటి వాళ్ళకి తెలియదా? తెలుసు. చేటు వాళ్ళ ఇంటికి రాదు, అంతే.

మూడేళ్ళ క్రితం దమయంతి ఒక లోడు గ్లౌజుల్ని తిప్పి పంపింది. మళ్ళీ వేలం, మళ్ళీ కాగితాలు. కొత్తవి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ మధ్యలో కామేశ్ అనే లైనుమేన్ వట్టి చేతులతో స్తంభం స్విచ్చు వేయబోయి కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ‘స్టోరు సిబ్బంది సరుకు తిరస్కరించినందున కొరత ఏర్పడినది’ అని విచారణ కాగితంలో రాశారు. ఆ వాక్యం ఆమె గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

ఈ ఏడు నలభై జతలు వచ్చాయి. అన్నిటికీ చెంప ఆనించి చూసింది. పదకొండు జతల్లోంచి గాలి తగిలింది. పదకొండు బాగాలేవని రాస్తే లోడంతా వెనక్కి వెళుతుంది. మళ్ళీ ఎనిమిది నెలలు, మళ్ళీ ఎవరి చెయ్యో. నలభై జతలూ బాగున్నాయని సంతకం పెట్టేసింది. ఆ పదకొండింటినీ సంచిలో కట్టి, స్టోరు మూల అమ్మవారి పటం కింద పెట్టింది. పారేద్దామంటే లెక్క తప్పుతుంది. పూజ చోటు కనుక ఎవరూ ముట్టుకోరనుకుంది. సంగతి ఎవరికీ చెప్పలేదు, చెబితే సంతకం అబద్ధమవుతుంది. బావకైనా చెప్పలేదు, అదే ఆమె చేసిన పాపం.

దసరా ముందురోజు తుపాను పట్టింది. తెల్లవార్లూ కొబ్బరి తోటలు హోరెత్తిపోయాయి. గాలి తగ్గాక ఆమె స్టోరుకి వచ్చేసరికి ర్యాకులన్నీ ఖాళీ. పటం కింద సంచీ లేదు.

“ఢిల్లీశ్వరరావూ, అమ్మోరి కాడ సంచేది?” అని వాచ్‌మన్‌ని అడిగింది.

“తెల్లారగట్ల మీ బావగారొచ్చినారమ్మా. ర్యాకులోవి అప్పుడికే అయిపోనాయి. దేవుడి కాడ ఉన్నాయని నేనే సెప్పినాను.”

“గాలి పట్టి సూసినాడా?”

“సూడమనే అన్నానమ్మా. మా దమయంతి సంతకం ఎట్టిన సరుకు, మల్లీ సూసీదేటి అన్నారు. అమ్మోరి కాడియ్యని కళ్ళకి అద్దుకుని మరీ అట్టుకెల్లినారు. లైనోల్లకి తలో జత పంచుతానన్నారు.”

బావకి ఫోన్ చేసింది. సిగ్నల్ లేదు. సబ్‌స్టేషన్ అర కిలోమీటరు. తుపానుకి పోయిన కరెంటు మళ్ళీ వదలకుండా అక్కడ చెప్పి ఆపించాలి. కరెంటు వదలగానే స్తంభాల దగ్గర స్విచ్చులు ఒక్కొక్కటే వేసుకుంటూ పోవడం బావ పని. హ్యాండిల్ తడిసి ఉంటుంది. ఆ చేతులకి ఆ గ్లౌజులే ఉంటాయి.

చెప్పులు వదిలేసి పరుగెత్తింది. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్టు ఎక్కి దిగేసరికి మోకాలు చీరుకుపోయింది. సబ్‌స్టేషన్ గేటు కనబడుతుండగా, వీధి పొడుగునా దీపాలు వెలిగాయి. ఇళ్ళలోంచి కేకలు వినబడ్డాయి. వాకిట్లో బురద ఊడుస్తున్న పోలమ్మ ఆమెని చూసి చీపురు ఎత్తింది.

“ఓలమ్మా, అప్పుడే వొచ్చీసింది! మీవోల్లు గట్టోల్లమ్మా దమయంతమ్మా!”

దమయంతి ఆగలేదు. గేటు మీద చెయ్యి వేసింది. దీపాలు ఒక్కసారి గుడ్డిగా మిణికి, ఆరిపోయాయి. లైనుకి ఎక్కడో ఏదో, లేదా ఎవరో తగిలితేనే అలా ఆరుతుందని ఆమెకి తెలుసు. కొబ్బరి మట్ట కావచ్చు. మట్టే కావాలని మొక్కుకుంది. ఆమె చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్ళింది.