మా అరుగు మీద బ్యాంకు

ఇప్పుడు మా ఊళ్ళో డబ్బుల కోసం నా దగ్గరికి ఎవరూ రారు. కొబ్బరిబొండాల బండికి కూడా స్కాన్ చేసే అట్ట వేలాడుతోంది. నా మిషను మాత్రం బీరువాలో పట్టుచీరల పక్కన పడి ఉంది. చీర తీసినప్పుడల్లా దాన్ని ఓసారి కొంగుతో తుడిచి పెడతాను. ఇంట్లో చెబితే నవ్వుతారని చెప్పను.

నన్ను బ్యాంకు మిత్ర అనేవారు. అరచేతిలో పట్టే మిషను, వేలు పెట్టడానికి చిన్న గాజు పలక, ఒక రిజిస్టరు, మా ఇంటి అరుగు. ఇదే బ్యాంకు. పింఛన్ల రోజున అరుగు మీద కాలు పెట్టే చోటుండేది కాదు. సర్వర్ లేదంటే ఒక్కరూ లేచి వెళ్ళేవారు కాదు, నా మీద జాలిపడి అక్కడే కూర్చుని మా చింతపండు పిక్కలు తీసి పెట్టేవారు. సిగ్నల్ కోసం నేను మిషను పట్టుకుని కాలవగట్టు మీదికి పరిగెడితే వెనకాల ఊరేగింపులా అందరూ వచ్చేవారు. నాకు నోరెక్కువ. వేలు సరిగ్గా పెట్టలేదని కసిరేదాన్ని. అయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. "బ్రాంచికెందుకండీ, నేనున్నానుగా!" అని ఊరందరికీ గొప్పలు చెప్పేదాన్ని.

మా ఇంటికి చేపలు తెచ్చే మామ్మతోనూ అదే చెప్పాను.

మామ్మ గోదావరి గట్టు కింది పల్లెకారుల పేటలో ఉండేది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో శుక్లం ముదిరింది. చేప మంచిదో కాదో చేత్తో తడిమి చెప్పేది. రాజమండ్రి కంటి ఆసుపత్రిలో ఆపరేషనుకి వచ్చే వారం గురువారం రమ్మన్నారు. ఆ రోజు తప్పితే మళ్ళీ రెండు నెలల దాకా ఖాళీ లేదట. అంతకాలం ఆగితే ఆ కన్ను కూడా దక్కుతుందో లేదో చెప్పలేమన్నారట. ఖర్చుకి కావలసిన డబ్బు ఆమె ఖాతాలోనే ఉంది. పింఛను పడింది పడినట్టే దాచుకుంది. తీసుకోవడానికి వస్తే మిషను ఆమె వేలిని గుర్తుపట్టలేదు. పది వేళ్ళూ పెట్టించాను. నిమ్మకాయ రాయమని ఒకరు, పౌడరు అద్దమని ఒకరు, అరుగు మీద వైద్యాలన్నీ అయిపోయాయి. ఏదీ పనిచేయలేదు.

ఆమె చెయ్యి తిప్పి చూశాను. వేలి కొసల మీద ఒక్క గీత లేదు. మా వైపు బొమ్మిడాయి చేపలు కొంటే అమ్మినవాళ్ళే శుభ్రం చేసి ఇవ్వాలి. జిగురు పోయి తెల్లబడేదాకా బూడిద వేసి గరుకు రాయి మీద రుద్దాలి. మామ్మ ఆ పని నలభై ఏళ్ళుగా చేస్తోంది.

"పది రోజులు బూడిదా రాయీ ముట్టుకోకు మామ్మా. రాత్రిపూట కొబ్బరినూనె రాసుకో. గీతలు మళ్ళీ తేలతాయి," అన్నాను.

"బ్రాంచికెళ్ళొద్దంటారాండి?"

"నీకు కనపడక బస్సులెక్కి ఎక్కడ తిరుగుతావ్? బుధవారం రా. పూచీ నాది."

ఆ మాట మీద మామ్మ ఇంటింటికీ చెప్పేసిందట, చేపలు తెస్తాను గానీ పది రోజులు శుభ్రం చేయనని. కొందరు కోపం తెచ్చుకుని వేరే ఆమె దగ్గర కొన్నారు కూడా. అయినా మామ్మ మాట తప్పలేదు.

ఆరో రోజున మా ఆడపడుచు పిఠాపురం నుంచి చెప్పాపెట్టకుండా దిగింది. ఆవిడకి బొమ్మిడాయిల పులుసంటే ప్రాణం. అరుగు మీద జనం, లోపల వంట, నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. మామ్మ గంప దించగానే ఎప్పటిలాగే బూడిద చిప్ప పెరటి మెట్టు మీద పెట్టి, "తొందరగా కానియ్యి మామ్మా!" అని వచ్చేశాను. మామ్మ రాయి ముందు కూర్చుంది. పులుసు బాగా కుదిరిందని ఆడపడుచు రెండుసార్లు వడ్డించుకుంది.

బుధవారం పొద్దున్నే మామ్మ వేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టింది. అప్పటికీ నాకు వెలగలేదు.

"మళ్ళీ ఎక్కడ తోమావే? చెప్పాను కదా!" అని అందరి ముందూ గయ్యిమన్నాను.

మామ్మ తల దించుకుని మెల్లగా అంది. "ఎక్కడా తోమలేదండి. మీ ఇంట్లోనేనండి. మీరడిగితే ఎలా కాదంటానండి?"

నా జన్మలో అంత సిగ్గు పడలేదు.

మిషను కట్టేశాను. మామ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కి బ్రాంచికి తీసుకెళ్ళాను. అక్కడ ఆఫీసరు కాగితం మీద బొటనవేలి నిశానీ వేయించారు. సిరా ముద్ద పడింది గానీ గీత పడలేదు. ఆయన కళ్ళజోడు పైకెత్తి, పాస్‌బుక్కులో ఫొటో చూసి, నా వంక తిరిగి అడిగారు.

"ఈవిడ మీకు తెలుసాండీ? సాక్షి సంతకం పెడతారా?"

"తెలుసండి. ఈవిడ వేళ్ళు అరిగింది మా పెరట్లోనేనండి," అన్నాను. ఇంకో మాట మాట్లాడితే ఏడ్చేసేదాన్ని. సంతకం పెట్టాను. ఆయన డబ్బు ఇప్పించారు.

గురువారం ఆపరేషను అయింది.

నెల తర్వాత మామ్మ నల్లద్దాలు పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. అద్దాలు తీసి ముందు నన్ను చూసింది.

"మీరింత నల్లగా ఉంటారేంటండి, గొంతు విని తెల్లగా ఉంటారనుకున్నాను!" అని పగలబడి నవ్వింది. తర్వాత తన బొటనవేలు కంటి దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది. "ఇదేంటండీ, ఇంత నున్నగా ఉంది? నిజమే కదండి, పాపం ఆ మిషనుకి మాత్రం ఎలా తెలుస్తుంది నేనేనని!"

గంపలోంచి బొమ్మిడాయిలు తీసుకుని, రాయి ముందు నేనే కూర్చున్నాను. మొదటి చేప చేతిలోంచి జారి బురదలో పడింది.

"బూడిద ఇంకాస్త వేసుకోండమ్మా," అంది మామ్మ, మెట్టు మీద చతికిలబడుతూ. "అబ్బే, అలా కాదండి. గట్టిగా రుద్దాలండి."