డాలర్ ఎక్కిన రోజు బజ్జీలు

నాచారంలో మేం సీసా మూతలు చేసి ఆఫ్రికాకు పంపేవాళ్లం. రూపాయి పడితే ఊరంతా దిగులుపడుతుంది, మా కంపెనీలో మాత్రం పండగ. ఓనర్ పొద్దున్నే ఫోన్లో డాలర్ రేటు చూసేవాడు. ఎక్కిందంటే ఉప్పల్ చౌరస్తా నుంచి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించేవాడు.

బీకాం చదివినవాణ్ణి కాబట్టి శాస్త్రం చెప్పే బాధ్యత నాది. "రూపాయి పడితే మన సరుకు వాళ్లకు సస్త. ఆర్డర్లు పెరుగుతయ్, దేశం గూడ పెరుగుతది" అనేవాణ్ణి. నోట్లో బజ్జీ ఉంటే ఏ సిద్ధాంతమైనా రుచిగానే ఉంటుంది.

ఆ ఏడు డాలర్ తెగ ఎక్కింది. ఓనర్ రెండో షిఫ్టు పెట్టి ఆరుగురు ఆడవాళ్లను తీసుకున్నాడు. వాళ్లలో ఘట్‌కేసర్ నుంచి వచ్చే అక్క ఒకామె. మూతలు చేసే ప్లాస్టిక్ గింజలను మేం దానా అంటాం, దాన్ని మిషన్లో పోయడం ఆమె పని. ఈ జీతం నమ్ముకునే బిడ్డను కాలేజీలో చేర్పించింది.

అంతలో కొనేవాడి నుంచి మెయిల్ వచ్చింది. మీ రూపాయి పడింది కదా, రేటు తగ్గించండి అని. వాడూ పేపరు చదువుతాడని మాకు తట్టలేదు. లెక్క వేసింది నేనే. తగ్గించి, ఏడాదంతా అదే రేటని రాసిచ్చాను. పెద్ద ఆర్డర్! మళ్లీ బజ్జీలు.

తింటూ అక్క అడిగింది. "అన్నా, దానా బస్తాల మీద బయటి దేశం పేరుంది. మరి దీన్ని గూడ డాలర్లల్లనే కొనాల్నా?"

బజ్జీ పక్కన పెట్టి దానా బిల్లు తీసి చూశాను, డాలర్లలోనే ఉంది. అమ్మే సరుకు రేటు తగ్గించాను, కొనే సరుకు రేటు పెరిగి కూర్చుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

మూడు నెలలకు రెండో షిఫ్టు ఎత్తేశారు. ప్రపంచ పరిస్థితులు బాగాలేవన్నాడు ఓనర్. నేనూ తలూపాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

పోయేముందు అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది.

"డాలర్ దిగితే మళ్ల పిలుస్తవా అన్నా?"

"పిలుస్తనక్కా."

ఆ తర్వాత రెండుసార్లు దిగింది. రెండుసార్లూ ఓనర్, ఎగుమతి గిట్టడం లేదు, ఇప్పుడు కొత్తవాళ్లెందుకన్నాడు. డాలర్ దిగిందని ఇప్పుడు నాకు మొదట తెలిసేది అక్క ఫోన్ వల్లే. మోగినంతసేపు చూస్తూ కూర్చుంటాను, ఎత్తను.