గంధర్వుడి మంచం

కృపారావు జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు హైస్కూలులో డ్రాయింగు మాస్టారు. 1977 జూలైలో తాత్కాలిక పద్ధతిన చేరాడు. ఏటా జూన్ నెలాఖరులోగా పాఠశాల కమిటీ అధ్యక్షుడు దశరథరామయ్య సంతకం చేస్తేనే మరో ఏడాది కొనసాగింపు, లేకుంటే లేదు. ఆ జీతం మీద బతికేవారు ఇద్దరు: అతను, పెనుగంచిప్రోలులో ఉంటున్న అతని తల్లి లూర్దమ్మ.

1980 వేసవి సెలవుల్లో అతను పిల్లలకోసం ఒక ఆట తయారు చేశాడు. అట్ట మీద అరవై నాలుగు గడులు, మధ్యలో అడ్డంగా ఒక ఏరు. నాగులు, యక్షులు, గంధర్వులు, రాక్షసులు అని నాలుగు జాతులు. ఏ జాతి కాయలన్నీ ముందుగా ఏరు దాటి చివరి గడికి చేరితే ఆ జాతిది గెలుపు.

ఊహించి బొమ్మ వేయడం కృపారావుకు చేతకాదు. నాగుల పడగలను ఊరి చెంత దిబ్బ మీది పాత చెక్కడపు రాళ్ళ నుంచి తీసుకున్నాడు. యక్షుల బొజ్జ బజారులో బెల్లం కొట్టు ఆసామిది. ఏ నమూనా ఎవరిది, ఏ ఊరిలో ఏ తేదీన గీసింది అన్నది నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకం ఎవరికీ చూపేవాడు కాదు.

బడి తెరిచాక ఆట ఉపాధ్యాయుల గదికి వచ్చింది. తెలుగు మాస్టారు తిరుపతిరావు రాక్షసరాజు బొమ్మను వెలుతురుకు తిప్పి పట్టుకున్నాడు.

"ఈ మీసం ఎక్కడో చూశానయ్యోయ్!"

"మీసాలన్నీ ఒకలాగే ఉంటాయండి."

"ఒకలాగే ఉంటే కుడి కొస పైకీ, ఎడమ కొస కిందికీ ఎందుకేశావ్? మన ప్రెసిడెంటుగారు మెలేసినట్టే ఉంది. చూసుకో మరి, ఇది సంతకాల నెల."

రెండు రోజుల్లో ఆ మాట దశరథరామయ్య ఇంటికి చేరింది. ఆ తరువాత కృపారావు నల్లబల్ల వైపు తిరిగినప్పుడల్లా వరండాలో ఎవరో ఆగినట్టు అనిపించేది. గుమాస్తా ఒకరోజు అతని సొరుగు తాళం అడిగాడు, కారణం చెప్పలేదు. ఎన్నడూ పలకరించనివారు "కొత్త బొమ్మలేమన్నా వేశారా?" అని అడగసాగారు. అతను నోటు పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకుని తిరిగాడు.

జూన్ 28, శనివారం దశరథరామయ్య కబురు చేశాడు. ఆయన బల్ల మీద ఆట పరిచి ఉంది. పక్కన కొనసాగింపు కాగితం, మూత తీసిన పెన్ను.

"ఏమయ్యా, నన్ను రాక్షసుణ్ణి చేశావంటగా?"

"లేదండి. ఆ మీసం మా నాన్నదండి."

"పోయినాయన వచ్చి సాక్ష్యం చెబుతాడా?"

కృపారావు పుస్తకం తెరిచి ముందుంచాడు. రాక్షసరాజు మీసం: నాన్న పుల్లయ్య, 1974 నాటి ఫోటో. రాక్షసి కాలి కడియాలు, గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు: అమ్మ, పెనుగంచిప్రోలు, 4-5-1980. గంధర్వుడి చేతి బంగారు మురుగు, జరీ కండువా: అధ్యక్షులవారివి, జెండా వందనం, 15-8-1979.

దశరథరామయ్య రెండుసార్లు చదివాడు. ముఖం విప్పారకపోగా మరింత ముడుచుకుంది.

"మమ్మల్ని గంధర్వుల్ని చేసి, కన్నవాళ్ళని రాక్షసుల్ని చేసుకున్నావా? ఎవడన్నా చేస్తాడా ఆ పని? ఇందులో ఏదో ఉంది."

"ఇంకొకళ్ళవి పెడితే నొచ్చుకుంటారని మావే పెట్టానండి."

ఆయన నమ్మలేదు. నిబంధనల కాగితం తీసి ఒక్కొక్కటే చదువుతూ ఏడోదాని దగ్గర ఆగాడు. గంధర్వుడు తనంత తాను ఏరు దాటలేడు. నలుగురు రాక్షసులు మోయాలి. అయితే గంధర్వుడి కాయ రాక్షసుల కాయలకు తగలరాదు. మధ్య అట్టతో చేసిన చిన్న మంచం ఉంచాలి. తగిలితే గంధర్వుడు మొదటి గడికి వెళ్ళి, స్నానం చేసి, మళ్ళీ బయలుదేరాలి.

"ఇదెక్కడ చూశావ్?"

కృపారావు పేజీ తిప్పాడు. మున్నేరు రేవు, పెనుగంచిప్రోలు, అక్టోబరు 1969, గుర్తున్నంత వరకు. మోసినవారు: నాన్న, చిన్నాన్న, మరి ఇద్దరు. మంచం మీద ఉన్నవారు: రాఘవమ్మగారు.

రాఘవమ్మ దశరథరామయ్య తల్లి. ఆయన ఆ పేరు మీద పెట్టిన వేలు చాలాసేపు తీయలేదు.

"మా అమ్మకి ఒంట్లో బాగోక ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజది. నీకప్పుడు ఎన్నేళ్ళు?"

"పధ్నాలుగండి. గట్టు మీద ఉన్నా."

"పదకొండేళ్ళు మనసులో పెట్టుకున్నావన్నమాట."

"పెట్టుకోలేదండి. గుర్తుంది."

"ఆ ఏడోది కొట్టెయ్. ఇక్కడే సంతకం పెడతా."

కృపారావు అట్ట వంక చూశాడు. ఆ నిబంధన లేకుండా కాయలను మనసులోనే నడిపి చూశాడు.

"కొట్టేస్తే గంధర్వులు ఇవతలి గట్టునే ఉండిపోతారండి. ఆట సాగదు."

దశరథరామయ్య పెన్నుకు మూత పెట్టాడు.

ఉద్యోగం జూన్ 30తో ముగిసింది. జూలై నుంచి కృపారావు లారీల మీద నంబర్లు రాసి బతికాడు. దశరథరామయ్య పిలిచిన మర్నాడు, ఆదివారం, పెనుగంచిప్రోలులో ప్రార్థన నుంచి తల్లి ఇంటికి వచ్చేసరికి అతను గడప మీద కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం పోయిందని మాత్రం చెప్పాడు.

"నన్ను రాక్షసిని చేసినందుకు తీసేశారట్రా?" అంది లూర్దమ్మ.

"నీకెట్లా తెలుసు?"

"నా గడ్డం కాడ కూర్చుని చుక్కలు లెక్కెట్టి ఆ రాక్షసి బొమ్మకేస్తే తెలవదా? అందుకేనా?"

"కాదమ్మా. మధ్యలో మంచం వేసినందుకు."

"మంచం వాళ్ళదే గదరా," అంది లూర్దమ్మ. "మనదైతే ఆవిడ ఎక్కేదా?"