వల ఒడ్డుకు రాకముందే

మైపాడులో సారా అమ్మిన పోలమ్మ, కుండలు తన చేత్తోనే పగలగొట్టి బాప్తిస్మం తీసుకొని ఏడాదైంది. ఇప్పుడు మగవాళ్లతో సమంగా ఒడ్డు నుంచి తాళ్లతో లాగే అలివి వల లాగి పిల్లల్ని సాకుతోంది. అయినా 1962 ఈస్టర్ ఆరాధనలో, విశ్వాసులకు పంచే ప్రభువు బల్ల రొట్టె కోసం ఆమె చేయి చాచగానే సంఘపెద్ద ముత్యాలయ్య పళ్లెం వెనక్కు తీసుకున్నాడు.

"నువ్వు నిజంగా మారినావో లేదో ఇంకా చూడాల పోలమ్మా. పోయి కూర్చో."

ఆమె దగ్గర తాగిన మగవాళ్లు ముందు వరుసలోనే ఉన్నారు. వాళ్లనెవరూ పరీక్షించలేదు.

పోలమ్మ కదలలేదు. "అన్నా, తెల్లారితే నువ్వూ నేనూ ఒకే తాడు లాగేవాళ్లం. వల నీళ్లల్లో ఉండంగానే మంచి చేప, చెడ్డ చేప అని ఏరేవాడు మనూళ్లో ఎవుడైనా ఉండాడా?"

"ఎవుడేరతాడు? ఒడ్డుకొచ్చినాకే కదా."

"దేవుడి వల ఇంకా నీళ్లల్లోనే ఉండాది. నేను దాంట్లో ఉండా. నువ్వూ దాంట్లోనే ఉండావన్నా, ఒడ్డున లేవు."

ఆడవాళ్ల చాపల మీద ఎవరో నవ్వారు. ముత్యాలయ్య పళ్లెం పోలమ్మ పక్కనున్న ఆమె వైపు చాపాడు. ఆమె రొట్టె తీసుకోకుండా చేతులు కట్టుకుంది. ఆ పక్కామె కూడా అంతే.

పోలమ్మ చాచిన చేయి దించలేదు. చివరికి పళ్లెమే ఆమె దగ్గరికి వచ్చింది.