పీల్చుకోవు, అంటించుకుంటాయి

మల్కాపురంలో మా వీధి బోరు నీళ్ళు బిందెలో పట్టి కాసేపు ఉంచితే తుప్పు రంగు తిరుగుతాయి. అమ్మ పాత చీర ముక్క మడతలు వేసి వడకట్టేది. ఆ నీళ్ళ కోసమే నేను యూనివర్సిటీలో పాలిమర్ల మీద పరిశోధనకు చేరాను. జాలరిపేట నుంచి రొయ్య తొక్కలు తెచ్చేవాణ్ణి. ఆ కంపుకి తోటివాళ్ళు నన్ను ల్యాబ్ బయట వరండాలోకి తరిమారు. అక్కడే కూర్చుని తొక్కల్లోంచి పాలిమర్ తీసి, సగ్గుబియ్యమంత గుళికలు చేశాను. తుప్పు నీళ్ళలో వేస్తే అవి ఇనుమును పట్టేసేవి.

మొదటి సెమినార్‌లో "ఇవి ఇనుమును పీల్చుకుంటాయి" అన్నాను. మా గైడుగారు చెయ్యెత్తి ఆపారు.

"పీల్చుకోడానికి అదేమన్నా స్పాంజా? ఇనుము పైన అంటుకుంటుంది. ముందు మీ మల్కాపురం తెలుగుని వడకట్టవయ్యా!"

హాలంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. బయటికొచ్చాక ఆయనే భుజం తట్టి, ఈ గుళికలు నింపిన మొదటి ఫిల్టర్ డ్రమ్ము మీ వీధిలోనే పెడదామన్నారు. ఆ మాట కోసం ఆ నవ్వు దిగమింగాను.

డ్రమ్ము తయారయ్యేసరికి ఆయన మనసు మందుల మీదికి మళ్ళింది. అవే గుళికల్లో మందు నింపాలట, అది పేగుల్లో కొద్దికొద్దిగా విడుదల కావాలట. నీళ్ళ పని ఇక చాలన్నారు. ఉన్న ఒక్క డ్రమ్మునీ యూనివర్సిటీ అతిథి గృహం దగ్గర పెట్టించి, రిబ్బను కట్టించారు. మైకు పట్టుకుని, "ఈ గుళికలు ఇనుమంతా పీల్చుకుంటాయి" అన్నారు. చప్పట్లు!

నేను లేచాను. "పీల్చుకోవు సార్, అంటించుకుంటాయి. ఆ డ్రమ్ము మా వీధికన్నారు."

పక్కనున్న ల్యాబ్ మిత్రుడు చొక్కా పట్టి లాగాడు. "కూకో బావా! ఇంకా బోజనాలెట్టలేదు."

గైడుగారు నవ్వుతూనే ఉన్నారు. మర్నాడు నా దగ్గరున్న ల్యాబ్ తాళంచెవి తీసేసుకున్నారు.

అంతకుముందే ఇంటికి తెచ్చిన గుళికల్ని గుడ్డలో మూటగట్టి బిందెలో వేశాను. కొన్నాళ్ళు నీళ్ళు తేటగా వచ్చాయి. తర్వాత గుళికలకి ఇక పట్టే చోటు లేకపోయింది. వాటిని కడిగి మళ్ళీ వాడే ద్రావణం ల్యాబ్‌లోనే ఉంది.

అమ్మ మూట విప్పి చూసింది. "ఏట్రా, దానిమ్మ గింజల్లాగయిపోనాయి! పారేసీమంతావా?"

"వద్దు, ఉండనీ" అన్నాను.

ఆమె గుళికల్ని ఒక సీసాలో పోసి గూట్లో పెట్టింది. పాత చీర ముక్క ఉతికి మళ్ళీ బిందె మూతికి కట్టింది.