పూత పడితే ఖాళీ చేయాల్సిందే

మా నాయనకు బెంగళూరులో అయిదు ఇండ్లు ఉండేవి. అయిదోది లేచేదాకా మేము మాత్రం మంచి ఇంట్లో నెల రోజులు కూడా ఉండలేదు. చెబితే ఎవరూ నమ్మరు.

నాయన కదిరి వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చినవాడు. తొంభైల్లో బ్రూక్‌ఫీల్డ్ వెనక వీధిలో ఒక సైటు కొన్నాడు. స్లాబు పడగానే మేము చేరిపోయాం. కిటికీలకు సిమెంటు గోతాలు, తలుపు స్థానంలో సెంట్రింగు చెక్క. మేము లోపల ఉండగానే ఒక నెల గోడలకు సిమెంటు పూత, ఇంకో నెల నేల, ఆ తర్వాత సున్నం. ఇల్లు ఇల్లులా కనబడిన వారానికి గేటు పక్క గోడకు టు-లెట్ బోర్డు ఎక్కేది. మేము మూట కట్టుకుని పక్కనో పైనో లేచిన కొత్త స్లాబు కిందికి పోయేవాళ్ళం.

బాడుగకు దిగినవాళ్ళు మమ్మల్ని వాచ్‌మన్ కుటుంబం అనుకునేవారు. ఒకాయన దీపావళికి నాకు ఇనాం కూడా ఇచ్చాడు. తీసుకున్నా. మానం వేరు, ఇనాం వేరు.

ఇల్లు చూసేందుకు వచ్చినవాళ్ళను నాయన గేటు దగ్గరే నిలబెట్టి అడిగేవాడు. ఎంతమంది? ఏం పని? ఒంటరి మగోళ్ళకు ఇయ్యం. గోడలకు మేకులు కొట్టగూడదు. ఆ తర్వాత ఇల్లు చూపించడం నా వంతు. "గాలి బాగా వస్తుంది సార్" అనేదాన్ని. ఆ గాలికే గోతం కప్పుకుని పడుకున్నదాన్ని, అబద్ధం ఎట్లా అవుతుంది?

రెండు వేలు దాటాక రెండో అంతస్తులో అయిదో ఇల్లు లేచింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు వస్తారని నాయన వంటింట్లో నల్ల గ్రానైటు బండ వేయించాడు. నాలుగు ఇండ్లలోనూ వంటబండ అన్నిటికన్నా చివర వచ్చేది, అది రాగానే మేము పోయేవాళ్ళం. అమ్మ అన్నేళ్ళూ నేల మీద కూర్చునే వండింది. నడుము పట్టేసి, లేవడానికి గోడ పట్టుకునేది. ఈసారి బండ ముందు నిలబడి ఉప్మా చేసింది. గొప్ప ఉప్మా ఏం కాదు, ఉప్పెక్కువైంది. కానీ అమ్మ రెండు పూటలా ఆ బండను తుడుస్తూనే ఉంది.

పైన ఆరో ఇంటికి కమ్మీలు నిలబెట్టి, మేము ఉండడానికి వాటి మధ్య రేకులు కప్పించి, ఆ ఆదివారం నాయన బోర్డు, సుత్తి, మేకు పట్టుకుని వచ్చాడు.

"నేను రాను" అంది అమ్మ.

"యాడికి?"

"పైకి."

"పైన గాలి బాగా వస్తాది మే."

"ఆ మాట నీ కూతురు వచ్చినోళ్ళకు చెప్పేది. నాకు చెప్పొద్దు."

నాయన కంగారు పడలేదు. ఆయన నమ్మకమంతా నా మీద. బోర్డు ఎక్కకముందే, ఎవరో చెప్పగా విని, మహదేవపురలో ఉద్యోగం చేసే ఒక జంట వచ్చింది.

"పాపా, చూపించు" అన్నాడు.

"గాలి వస్తుందా?" అని ఆమె అడిగింది.

"వస్తుంది మేడమ్. వానొస్తే నీళ్ళు కూడా వస్తాయి. కొళాయిలో మాత్రం రెండు రోజులకోసారి."

నాయన నా వైపు చూసిన చూపుకు తడి సిమెంటు కూడా గట్టిపడేది.

"వంటిల్లు చూడొచ్చా?"

"చూడండి. లోపల మా అమ్మ ఉంది."

"ఎప్పుడు ఖాళీ చేస్తారు?"

"చెయ్యం" అంది అమ్మ, లోపలి నుంచే.

మర్యాదస్తులు. గేటు దాటేదాకా నవ్వలేదు.

"తల తిరుగుతాండాదా మీ ఇద్దరికీ?" అన్నాడు నాయన. "ఈ బాడుగ రాకుంటే ఆరో ఇల్లు ఎట్ల లేస్తాది?"

"లేచింది చాలు. ఇంగ నేను లేస్తా." అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నీకు ఈ ఇంట్లో ఉండాలని ఉంటే చెప్పప్పా. ఎంతమంది?"

"ఏందే?"

"ఎంతమంది ఉంటారని అడుగుతాండా."

"నేనొక్కణ్ణే" అన్నాడు, రోషంగా.

"ఒంటరి మగోళ్ళకు ఇయ్యం."

నాయన సుత్తి కింద పెట్టాడు. నా వైపు చూశాడు. "కూతురుండాది" అన్నాడు.

"అట్లయితే సరే. గోడలకు మేకులు కొట్టగూడదు."

చేతిలోని మేకును నాయన జేబులో వేసుకున్నాడు.

పైన స్లాబు మీద ఇనుప కమ్మీలు ఇప్పటికీ తుప్పు పట్టి నిలబడే ఉన్నాయి. చుట్టాలు వచ్చినప్పుడల్లా తలెత్తి చూసి, "ఇంకొక ఇల్లు లేపింటే ఎంత బాగుండేది" అని బాధపడతారు. అమ్మ నిలబడి చేసిన ఉప్మా పెడుతుంది. ఉప్పు ఇప్పటికీ ఎక్కువే. తిని పోతారు.